ఈసారి క్రిస్మస్ ఏ దేశం స్టైల్లో చేద్దాం? మా అపార్ట్‌మెంట్ గొడవ, నా ఓటు

డిసెంబర్ రాగానే వైజాగ్ మధురవాడలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా వచ్చే మెసేజే మళ్ళీ వచ్చింది, "సెమీ క్రిస్మస్ ఎప్పుడు, ఎలా చేద్దాం?" అని. మొత్తం 24 ఫ్లాట్లు, అందులో క్రైస్తవుల ఇళ్ళు ఐదో ఆరో ఉంటాయి, కేకు టైముకి మాత్రం 24 ఫ్లాట్లూ కిందకి దిగిపోతాయి, అది వేరే సంగతి. ఫ్లాట్‌కి 500 చొప్పున 12,000 వస్తుంది. నేను పుట్టి పెరిగింది జ్ఞానాపురంలో, సెయింట్ పీటర్స్ కెథడ్రల్ గంట వినిపించేంత దూరంలో, అందుకని "మీకైతే తెలుస్తుంది కదండీ" అంటూ ఈ పని ప్రతిసారీ నా నెత్తినే పెడతారు.

పోయినేడు నాకు కొంచెం తెలివి ఎక్కువై "వరల్డ్ క్రిస్మస్" అన్నాను. ఓ మూల జర్మనీ బజారు, ఓ మూల జపాన్ కేకు, లిఫ్ట్ దగ్గర అమెరికా మంచు. మంచంటే ఏం లేదు, నలుగురు ఆడవాళ్ళం కూర్చుని పాత ఫ్రిజ్ ప్యాకింగ్ థర్మాకోల్‌ని క్యారెట్ తురిమేదానితో తురిమాం. సాయంత్రం అయిదయ్యేసరికి సముద్రం గాలి లేచింది చూడండీ, ఆ మంచు కార్ల అద్దాల మీద, తులసి కోటలో, ఆరేసిన బట్టల మీద, ఆఖరికి 203 వాళ్ళు తెచ్చిన సేమ్యా పాయసంలో కూడా పడింది. మా వాచ్‌మన్ చీపురు పట్టుకుని "ఇదేటమ్మా ఇది, ఊడిస్తే ఎగుర్తాది, వదిలేస్తే అంటుకుంటాది" అన్నాడు. నిజంగానే భోగి రోజు మంటలో వేసే చెత్తలో కూడా ఆ పూసలు కనిపించాయి.

దాంతో నేర్చుకున్నది ఒకటే, ఒక ఏడాదికి ఒక్క దేశం, అందులోనూ ఒక్క పద్ధతి. ఏది తీసుకోవాలన్నది ఏది అందంగా ఉంది అని చూసి కాదు, పని ఎవరు చేస్తారు, ఎన్ని గంటలకి చేస్తారు, ముసలోళ్ళూ పిల్లలూ కలుస్తారా లేదా అని చూసి తేల్చుకోవాలి. ఈ మూడు ప్రశ్నలు పెట్టుకుని రెండు వారాలుగా నేను చదివిందీ, గల్ఫ్‌లో ఫిలిపినోలతో పనిచేసొచ్చిన మా తమ్ముడిని అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నా, మీ అపార్ట్‌మెంట్‌కో మీ ఇంటికో పనికొస్తే వాడుకోండి.

ముందు ఫిలిప్పీన్స్ సంగతి, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. వాళ్ళకి సెప్టెంబర్ నుంచే పండగ మొదలు, నెల పేరు చివర "బర్" వస్తే చాలు షాపుల్లో క్రిస్మస్ పాటలు పెట్టేస్తారట. వాళ్ళ నక్షత్రాన్ని పరోల్ అంటారు, వెదురు పుల్లలతో అయిదు కోణాల చట్రం కట్టి దాని మీద రంగు కాగితం అంటిస్తారు, లోపల దీపం. పంపాంగాలో శాన్ ఫెర్నాండో అనే ఊళ్ళో అయితే ఇవే లాంతర్లు రెండంతస్తుల మేడంత ఎత్తున కట్టి వేల బల్బులు పెట్టి పాటకి తగ్గట్టు వెలిగించి పోటీ పెడతారు. మనం ఇంటి ముందు కట్టే స్టారూ అదే కుటుంబం కదా, కాకపోతే మనం మార్కెట్‌లో మడత పెట్టి అమ్మేది కొనేసి, బల్బు హోల్డర్ పెట్టి, బాల్కనీ గ్రిల్‌కి పురికొసతో కట్టేసి అయిపోయింది అనుకుంటాం.

వాళ్ళ అసలు విశేషం సింబాంగ్ గాబీ. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లారకముందే పూజకి వెళ్తారు, పొలం పనులకి పోయేవాళ్ళకి వీలుగా ఉండాలని స్పానిష్ వాళ్ళ కాలంలో మొదలైన అలవాటు. పూజ అయ్యాక గుడి బయట బిబింగ్కా అమ్ముతారు, బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి అరిటాకు వేసిన గిన్నెలో పోసి కిందా నిప్పులు, పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. అచ్చం మన దిబ్బరొట్టె పద్ధతే. ఇంకోటి పుతో బుంబోంగ్, ఊదారంగు బియ్యప్పిండిని వెదురు గొట్టంలో ఆవిరి మీద ఉడికిస్తారు, అరకు వెళ్ళి బొంగులో చికెన్ తిన్నవాళ్ళకి ఆ గొట్టం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడో తమాషా ఉంది. డిసెంబర్ 16 అంటే మనకి ఇంచుమించు ధనుర్మాసం మొదలయ్యే రోజు. మా ఎదురు ఫ్లాట్ 402 మామ్మగారు ఆ నెలంతా నాలుగింటికే లేచి తిరుప్పావై పెట్టుకుంటారు, చక్కెర పొంగలి మా ఇంటికీ వస్తుంది. ఆవిడకి ఈ ఫిలిప్పీన్స్ సంగతి చెప్తే "అయితే ఆ దేశంలో కూడా ఈ టైముకి దీపాలు వెలుగుతుంటాయన్నమాట" అని తెగ సంతోషపడిపోయారు. కానీ ఆవిడ లేస్తారు, రుషికొండ కొండ మీద ఆఫీసులో నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఆరింటికి పడుకునే 301 కుర్రాళ్ళు లేవరు. తొమ్మిది తెల్లవారుజాములు అపార్ట్‌మెంట్‌కి కుదరవు, మీ ఇంట్లో అందరూ పొద్దున్నే లేచే రకం అయితే మాత్రం దీనికి మించింది లేదు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మేం నక్షత్రం ఒక్కటే తీసుకుంటాం.

జర్మనీ గురించి అందరూ క్రిస్మస్ బజార్లు అంటారు, డ్రెస్డెన్‌లో బజారు 1434 నుంచి నడుస్తోంది, స్టోలెన్ అని పైన పంచదార పొడి దట్టంగా అద్దిన డ్రై ఫ్రూట్ రొట్టెకి ఆ ఊరే పేరు. కానీ బజారు అపార్ట్‌మెంట్‌లో పెడితే ఏమవుతుందో మేం చూశాం, పది టేబుళ్ళు వేశాం, తొమ్మిదింటి మీద కేకే ఉంది. వాళ్ళ దగ్గర నిజంగా తెచ్చుకోదగ్గది ఆగమన కాలం, అంటే పండగ కోసం ఎదురుచూసే రోజులు, లెక్కపెట్టడం. హాంబర్గ్‌లో అనాథ పిల్లలకి ఆశ్రమం నడిపిన విచెర్న్ అనే పాస్టరు 1839లో పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడు, పండగ ఎప్పుడు ఎప్పుడు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే. అలాంటి అవసరంలోంచే రోజుకో చిన్న తలుపు తెరిచే క్యాలెండర్లు కూడా వచ్చాయి.

ఇది నేను ఇంట్లో చేశా. 24 ఖాళీ అగ్గిపెట్టెలు, చర్చి పాత క్యాలెండర్ కాగితం చుట్టి నంబర్లు వేసి అట్టముక్క మీద అంటించా. లోపల ఓ రోజు చింతపండు జీడి, ఓ రోజు రెండు జీడిపప్పులు, ఓ రోజు "ఇవాళ హోంవర్క్ లేటుగా చెయ్యొచ్చు" అని చీటీ. చీటీ వచ్చిన రోజే మా చిన్నాడు ఎక్కువ ఎగిరాడు. ఇద్దరు పిల్లలుంటే మాత్రం రెండు సెట్లు చెయ్యండి బాబూ, లేకపోతే పొద్దున్నే కురుక్షేత్రం. ఇది ఇంటికి మంచిది, 24 ఫ్లాట్లకి పనికిరాదు.

జపాన్ స్టైల్ టైం లేని మొగుడూపెళ్ళాలకి. అక్కడ క్రైస్తవులు నూటికి ఒక్కరు ఉంటారేమో, 25న సెలవు కూడా లేదు, అయినా 24 రాత్రి జంటలు బయటికెళ్ళడం, ఇంట్లో అయితే బకెట్ చికెన్ తినడం ఆనవాయితీ అయిపోయింది. 1974లో కేఎఫ్‌సీ వాళ్ళు "క్రిస్మస్‌కి కెంటకీ" (కెంటకీ అంటే వాళ్ళ చికెనే) అని దేశమంతా ప్రచారం చేశారు, అంతే, ఇప్పుడు ముందుగా బుకింగ్ చేసుకోకపోతే పెద్ద క్యూలు. మనకి బిర్యానీ ఎలాగో వాళ్ళకి అది అలాగ. చికెన్ కంటే నాకు వాళ్ళ కేకు నచ్చింది, తెల్ల క్రీమూ స్ట్రాబెర్రీలూ పెట్టిన మెత్తటి స్పాంజ్. మనకి చలికాలంలో లంబసింగి వైపు నుంచి స్ట్రాబెర్రీలు వస్తాయి కదా, అవి తెచ్చుకుని ఇంట్లోనే చేసుకోండి. పోయినేడు మేం ఓ బేకరీలో ఆర్డర్ ఇస్తే పైన "హ్యాపీ బర్త్‌డే" అని రాసి పంపించారు, పాస్టరు గారు చూసి "ఏసయ్య పుట్టినరోజే కదా, సరిపోయింది" అన్నారు గాబట్టి బతికిపోయాం.

తిండి మీదే మొత్తం పండగ నడవాలనుకుంటే పోలండ్. 24 రాత్రిని విగీలియా అంటారు, ఆకాశంలో మొదటి చుక్క కనపడేదాకా భోజనానికి కూర్చోరు, చుక్క చూసే డ్యూటీ పిల్లలది. టేబుల్ గుడ్డ కింద కొంచెం ఎండుగడ్డి పరుస్తారు, పశువుల తొట్టికి గుర్తుగా. పన్నెండు వంటకాలు, పన్నెండుమంది శిష్యుల లెక్క, మాంసం ముట్టరు, చేప మాత్రం తప్పదు. పూర్వం కార్ప్ చేపని బతికుండగానే కొని పండగ దాకా బాత్‌టబ్‌లో ఉంచేవారట. అదంతా ఒకెత్తు, ఎవరైనా అనుకోకుండా వస్తే కూర్చోడానికని ఒక కంచం, ఒక కుర్చీ ఖాళీగా ఉంచడం ఒకెత్తు. మా అమ్మ జ్ఞానాపురంలో పండగ రోజు ఎప్పుడూ ఇద్దరికి ఎక్కువే వండేది, "ఎవడో ఒకడొస్తాడు" అని, ఎవడో ఒకడు వచ్చేవాడు కూడా, కుర్చీ మాత్రం వేసేది కాదు, పీట వేసేది.

దీనికి చుట్టమే అమెరికాలో ఉన్న ఇటలీ వాళ్ళ ఏడు చేపల విందు. వైజాగ్‌లో ఉండి చేపకి లోటేమిటండీ, వంజరం, చందువ, పండుగప్ప, కానాగంతలు, కవళ్ళు, రొయ్యలు, పీతలు, వేళ్ళ మీద లెక్కపెట్టినా ఏడు అయిపోయాయి. కాకపోతే పన్నెండు వండినా ఏడు వండినా వంటింట్లో చచ్చేది ఒక్క మనిషే, ఆ మనిషి ఎవరో మనందరికీ తెలుసు. తలో ఇల్లు ఒకటి వండి తెచ్చేట్టయితేనే పెట్టుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది శాకాహారులు, ఎలివేటర్‌లో ఎండుచేప వాసనకే గ్రూపులో నలభై మెసేజ్‌లు పడ్డాయి ఓసారి, అందుకని నేను ఆ జోలికి పోలేదు.

ఐస్‌లాండ్ చాలా సింపుల్, 24 సాయంత్రం ఒకరికొకరు పుస్తకం ఇచ్చుకుని రాత్రంతా చదువుకుంటూ పడుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో దిగుమతులన్నిటి మీదా ఆంక్షలుంటే కాగితం మాత్రం దొరికేది, దాంతో పుస్తకమే బహుమతి అయి కూర్చుంది, 1944 నుంచి కొత్త పుస్తకాల జాబితా ఇంటింటికీ పంపుతున్నారు. మాట్లాడ్డం ఇష్టంలేని ఇల్లు, చిన్న ఇల్లు, జీతం ఇంకా పడని ఇల్లు, వీళ్ళకి ఇదే బెస్ట్. మా ఆయన వెంటనే దీనికే ఓటేశాడు, ఎందుకంటే కుర్చీలోంచి లేవక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో అది ఎండాకాలం, బీచ్‌కెళ్ళి రొయ్యలు కాల్చుకుంటారు, శాంటా టోపీ పెట్టుకుని నీళ్ళలో దిగుతారు. మనకి ఆర్కే బీచ్ ఉంది కదా అని గ్రూపులో ఉత్సాహం వచ్చింది. నేను వద్దన్నా. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు, పిల్లలతో చీకట్లో అసలు వద్దు. ఇసుకలో కూర్చుని పాటలు పాడుకుని మొక్కజొన్న పొత్తు తిని వచ్చెయ్యాలంటే మాత్రం భేషుగ్గా ఉంటుంది, ఆ చల్లగాలికి ఒక శాలువా చాలు.

వెనిజులా రాజధాని కారకస్‌లో పిల్లలు స్కేట్లు కట్టుకుని తెల్లవారుజామున చర్చికి పోయేవారు, అందుకోసం వీధుల్లో బళ్ళు ఆపేసేవారు. మన బీచ్ రోడ్డు మీద కూడా పొద్దున్నే బళ్ళు ఆపుతారు గానీ అక్కడిదాకా మధురవాడ నుంచి స్కేట్ల మీద వెళ్ళాలంటే ముందు ఎముకల డాక్టర్ని బుక్ చేసుకోవాలి. స్వీడన్‌లో డిసెంబర్ 13న లూసియా పండగ అని ఆడపిల్ల తల మీద కొవ్వొత్తుల కిరీటం పెడతారు, చూడ్డానికి దేవతలా ఉంటుంది, నూనె రాసిన జడల మీద నిప్పు అంటే నాకు గుండె ఆగుతుంది, చేస్తే బ్యాటరీ లైట్లతోనే చెయ్యండి.

25 తప్పిపోయిందనుకోండి, డ్యూటీ పడింది, ట్రైన్ దొరకలేదు, అప్పుడు ఇథియోపియా ఉంది. పాత క్యాలెండర్ ప్రకారం వాళ్ళకి పండగ జనవరి 7న, రష్యా, సెర్బియా వాళ్ళకీ అదే రోజు, ఉక్రెయిన్ మాత్రం 2023లో డిసెంబర్ 25కి మారిపోయింది. ఇథియోపియా వాళ్ళు దానికి ముందు నలభై మూడు రోజులు మాంసం, పాలు, గుడ్డు ఏదీ ముట్టకుండా ఉపవాసం ఉంటారు, పండగ నాడు తెల్లబట్టలు కట్టుకుని గుడికెళ్ళొచ్చి దోరో వాట్ తింటారు, అది ఉడికించిన గుడ్లు వేసిన ఎర్రటి కోడి పులుసే, టెఫ్ అనే చిన్న గింజల పిండి పులియబెట్టి పోసిన పెద్ద అట్టుతో. చదువుతుంటే నోరూరింది, మన కోడి పులుసూ అట్టూ అనుకుంటే అయిపోలా. పైగా సంక్రాంతికి వారం ముందు.

దేశం దాటకుండా కావాలంటే గోవా. అక్కడ పండగ పిండివంటల పళ్ళాన్ని కుస్వార్ అంటారు, చుట్టుపక్కల ఇళ్ళకి పంచుతారు. అందులో నెవ్‌రీ అంటే మన కజ్జికాయే, కుల్‌కుల్ అంటే మన గవ్వలే, ఫోర్కు మీదో దువ్వెన మీదో వత్తి చుడతారు, మనం గవ్వల పీట మీద. ఇది మన ఇళ్ళలో ఎలాగూ చేస్తాం, ఉత్త పేరు మార్చడానికి గోవా దాకా ఎందుకు అని వదిలేశా.

ఇంక నా ఓటు మెక్సికోకి, లాస్ పోసాదాస్‌కి. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు, మరియమ్మ మోసిన తొమ్మిది నెలల లెక్క. 1587లో మెక్సికో సిటీ దగ్గర అకోల్మాన్ మఠంలోని సన్యాసులు పోప్ అనుమతి తెచ్చుకుని మొదలుపెట్టారు, అదే రోజుల్లో ఆజ్టెక్ వాళ్ళకి పాత పండగ ఒకటి ఉండేది, దాని చోట ఇది వచ్చింది. ఓ అబ్బాయి యోసేపు, ఓ అమ్మాయి మరియ, వెనకాల ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పాటలోనే "రాత్రికి చోటిస్తారా" అని అడుగుతారు. లోపలి వాళ్ళు కూడా పాటలోనే "ఇది సత్రం కాదు, నువ్వు దొంగవేమో, పో" అని గసురుతారు. అలా తిప్పి తిప్పి ఆఖరి ఇంట్లో తలుపు తీస్తారు, అందరూ లోపలికి, తిండి, పాట.

మన క్యారల్స్‌కీ దీనికీ ఎంత తేడా చూడండి. మన క్యారల్స్ వాళ్ళు డోలక్కు, గంజీర పట్టుకుని అర్ధరాత్రి ఒంటిగంటకి వస్తారు, శుభవార్త వాళ్ళే తెస్తారు, మనం నిద్రమొహంతో తలుపు తీసి టీ ఇచ్చి కానుక వేస్తాం. మెక్సికోలో వచ్చినవాడు ఏమీ తేడు, చోటు అడుగుతాడు. ఒకే లిఫ్ట్‌లో ఏడేళ్ళుగా ఎక్కి దిగుతూ పక్కింటివాళ్ళ పేరు తెలియని మా అపార్ట్‌మెంట్‌కి తలుపు కొట్టి అడిగే పండగే కావాలనిపించింది. ఏ మతం వాళ్ళైనా "లేదు పో" అనే పాత్ర వెయ్యొచ్చు, శాకాహారమా మాంసాహారమా అనే గొడవా లేదు.

వాళ్ళ పిన్యాటా అయితే మన ఉట్టే. ఏడు కొమ్ముల నక్షత్రం, ఏడు పాపాలకి గుర్తు, కళ్ళకి గంత కట్టుకుని కర్రతో కొట్టాలి, పగిలితే వేరుశెనక్కాయలు, చెరకు ముక్కలు, కమలాలు రాలతాయి. పాత పద్ధతిలో లోపల మట్టికుండ ఉంటుంది, మీరు మాత్రం కుండ పెట్టకండి, పార్కింగ్‌లో పిల్లల నెత్తి మీద పెంకులు పడతాయి. పెద్ద బెలూన్ ఊది, మైదా జిగురుతో పేపరు ముక్కలు నాలుగు వరసలు అంటించి, రెండు రోజులు ఎండబెట్టి బెలూన్ పేల్చేస్తే గట్టి డొల్ల వస్తుంది, దానికి చార్టు కొమ్ములు అంటించడమే. నేను మొదటిసారి రెండు వరసలతో ఆపేశా, కమలాల బరువుకి అడుగు ఊడిపోయింది, అందుకే నాలుగు.

తొమ్మిది రాత్రులు మనవల్ల కాదు, మూడు చాలు, 21, 22, 23, రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, రాత్రికి ఒక ఫ్లోర్ తలుపు తీస్తుంది, మిగతావాళ్ళు గసురుతారు. పాట మన తెలుగులో నాలుగు లైన్లు 105 టీచరు గారు కడుతున్నారు. ఖర్చు కాగితానికీ పల్లీలకీ కలిపి 3,000 దాటదు, ఆఖరి రోజు టిఫిన్లకి 6,000 పోయినా ఇంకో 3,000 మిగులుతుంది, అది వాచ్‌మన్ ఇంట్లో పిల్లల బట్టలకి అని నిన్న తేలింది.

గ్రూపులో ఓటింగ్ పెట్టాం, మెక్సికోకి 15, ఐస్‌లాండ్‌కి 4 (నలుగురూ మగాళ్ళే), బీచ్‌కి 3, ఇద్దరు మెసేజ్ చూడలేదు. పాత్రలు పంచుతుంటే మరియ, యోసేపులకి పిల్లలు ఎగబడ్డారు గానీ తలుపు వెయ్యడానికి ఎవరూ రాలేదు, ఎంత ఆటైనా గర్భిణిని పొమ్మనడం బాగుండదు కదా అని మొహమాటం. రాత్రి పదింటికి 402 మామ్మగారు తలుపు కొట్టి "మొదటి ఇల్లు నేనుంటానే, గట్టిగా తిడతాను, కానీ ఆ పిల్లకి ఓ గ్లాసు పాలైనా ఇచ్చి పంపొచ్చా, లేక మీ వాళ్ళ కథలో అలా ఇవ్వకూడదా?" అని అడిగారు.